నాలుగు మీటర్ల తప్పు

వ్యాసర్పాడిలో, కాలువ వెనక,
పటం గీయడానికి వెళ్ళిన రోజు
నా ఫోనులో ఒక నీలిచుక్క,
చుక్క చుట్టూ పల్చని వలయం.
నా మాటలో నాలుగు మీటర్ల తప్పుండొచ్చని
అది నిజాయితీగా ఒప్పుకుంటూనే ఉంది.

అక్కడ ఇంటి వెడల్పు రెండు మీటర్లు.
చుక్క పెడితే
అంకమ్మ పొయ్యి, ఎలీషా మంచం, పక్కింటి మేకపిల్ల
ఒకే వలయంలో కాపురం పెట్టాయి.

ఆఫీసు పటంలో ఆ చోటు బూడిదరంగు.
పేరు లేదు, అంచున ఓ నంబరు.
నేలమీద పరిచి నాలుగు రాళ్ళు పెట్టాను.
నూకయ్య చెప్పులు విడిచి
దాని చుట్టూ ఒకసారి నడిచాడు.
"యాడుండామమ్మా దీంట్లో మేము?"

ముప్పై ఒక్క ఏళ్ళు కార్పొరేషనులో, మురుగు మూతల కింద.
ఆయన తెలుగు మా నెల్లూరు తెలుగుకి దూరపు చుట్టం,
తమిళం చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతుంది.
"ఈ నీలిగీత తిన్నగా పోతాందే, అబద్ధం.
సారాయి కొట్టుకాడ కాలవ మొగం తిప్పుకుంటాది.
ఎడం చేత్తో గోడ తడుముకుంటా పో,
పదకొండో అడుగుకాడ ఇటిక తప్పిపోతాది."
ఎంత వంపు తాతా, అన్నాను.
మోచెయ్యి వంచి చూపించాడు.
నలభై డిగ్రీలని రాసుకున్నాను.
మోచేతి మీది మచ్చకి ఫారంలో గడి లేదు.

తరవాతి గడి: నీటి ఎత్తు, సెంటీమీటర్లలో.
"బిందెలు తేలినంత."
"టీవీ మునిగి, దేవుడి పటం మునగనంత."
అంకమ్మ ఏమీ అనకుండా గోడకి వీపానించి నిలబడింది.
"అప్పుడు మా స్టెల్లాని భుజాన కూచోబెట్టుకున్యా.
దాని మడమలు తడిసినాయి."
టేపు పెట్టాం. నూట పద్దెనిమిది.
స్టెల్లా ఇప్పుడు పదో తరగతి,
టేపు కింది కొస పట్టుకున్నది తనే.

గాలికి కాగితం నిలవలేదు.
ఎలీషా అరబస్తా బ్లీచింగు పౌడరు మోసుకొచ్చాడు,
కాలవ గట్టున చల్లమని సర్కారు ఇచ్చిందే.
రేషనుకొట్టు వెనక మైదానంలో
వీధులు తెల్లగా పరుచుకున్నాయి, కళ్ళు మండాయి.
కుళాయికి బోర్లించిన చెంబు,
వెలగని దీపానికి ఒంటి చెప్పు,
మ్యాన్‌హోలుకి గిన్నె మూత.
నూకయ్య అన్ని మూతలూ పెట్టి
ఒకటి మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు.
చాలాసేపటికి ఓ మూల పెట్టి
దాని పక్కనే గొంతుకూర్చున్నాడు.
"తమ్ముడు," అంది ఎవరో, నా చెవిలో.

అప్పుడు సలోమి అడిగింది:
"ఇది ఎవురికి పోతాది?
పక్క వీధిని ఇట్టనే రాసుకోని పోయినారు.
ఏడాదికి లారీలొచ్చినాయి.
ఇప్పుడు వాళ్ళు పెరుంబాక్కంలో, ఆరో అంతస్తులో.
తోవ మనమే సూపిచ్చినట్టు గాదా?"

పటంలో లేనివాళ్ళకి హక్కు లేదని
శిక్షణలో నాకో వాక్యం నేర్పారు.
గొంతుదాకా వచ్చింది.
బ్లీచింగు వల్లేమో, దగ్గొచ్చింది.

పొద్దు వాలేదాకా తగాదా.
చేతులెత్తమన్నారు. సలోమే లెక్కపెట్టింది,
తన చెయ్యి రెండుసార్లు లెక్కపెట్టినట్టుంది,
ఎవరూ అడ్డు చెప్పలేదు.
కుళాయిలు పోవచ్చు, దీపాలు, మూతలు,
నీళ్ళెంతొచ్చాయో అదీ.
ఇళ్ళు పోవు.

ఊడ్చడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.
నేను మేడెక్కి ఫొటో తీసేసరికి
ఇళ్ళున్న చోట చీపురు గీతలు,
మధ్యలో చెంబులూ చెప్పులూ మూతలూ,
ఎవరో హడావిడిగా వదిలి వెళ్ళినట్టు.

ఇళ్ళ పొర ఖాళీగా ఉందేమని ఆఫీసు అడుగుతుంది.
కారణం అన్న గడిలో ముందే రాసిపెట్టాను:
అడిగాం. ఇవ్వలేదు.

బస్సులో చూసుకుంటే చెప్పుల నిండా తెలుపు.
బేసిన్ బ్రిడ్జి దాటేదాకా
ఫోను నన్ను కాలవలోనే చూపించింది.